నాలుగో చక్రానికి బ్రేకు

"బండి నీ షెడ్డు దాటిన నాడు ఎన్ని చక్రాలకు బ్రేకుండె?"

ఉమారాణి అడిగిన మొదటి ప్రశ్న అది. లాకప్ ఊచల వెనక గోడకు చేరగిలబడి ఉన్న ఐలేశం తలెత్తి చూశాడు. నిన్నటి నుంచి ఎవరూ అతన్ని బండి గురించి అడగలేదు. పరమేష్‌ను ఎందుకు చంపావు, శవాన్ని ఎక్కడ వేశావు, ఎవరు తోడు వచ్చారు, ఇవే ప్రశ్నలు. అడిగినవాళ్లే జవాబులు కూడా చెప్పుకుంటున్నారు.

"మూడింటికి," అన్నాడు.

"నాలుగోది?"

"వెనుక కుడి చక్రం. దానికి లేదు మేడం. దాని బ్రేకు షూలు పాలమూరుల లైనింగు షాపుల ఉండె."

ఉమారాణి ఊచలకు దగ్గరగా కుర్చీ జరుపుకుంది. ఆమె పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, డిటెక్టివ్ ఆఫీసు తెరవక ముందు చాలా ఏళ్లు ఇన్సూరెన్సు కంపెనీలకు సర్వేయరుగా పనిచేసింది. యాక్సిడెంటైన బండిని చూసి, అది నిజంగా యాక్సిడెంటేనా కాదా చెప్పడం ఆమె పని. మనుషుల మాటలకన్నా ముందు బండి మాట వినడం అప్పుడే అలవాటైంది.

ఈసారి బండి అరవై ఏళ్ల నాటి జీపు. నాలుగు చక్రాలూ లాగే రకం. పశువుల డాక్టరు నిహారిక దాన్ని వేలంలో కొన్నది. గొర్రెల మందలు మేసే గుట్టల్లోకి మామూలు కారు పోదు కాబట్టి, ఆ జీపును బాగు చేయించుకుని మందల దగ్గరికే వైద్యం తీసుకుపోవాలని ఆమె ఆశ. కొత్తకోట హైవే పక్కన షెడ్డు నడిపే ఐలేశం, పరమేష్‌ల చేతికి దాన్ని అప్పగించింది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి దోస్తులు. పాత జీపులకు ప్రాణం పోయడంలో పేరున్నవాళ్లు.

పరమేష్ ఒక శుక్రవారం ఆ జీపును ట్రయల్‌కు తీసుకుపోయి తిరిగి రాలేదు. పది రోజులు దాటాక, నిన్న పొద్దున, పని ఆగిపోయిన ఒక పాత రాతి క్వారీలో జీపు దొరికింది. పరమేష్ దొరకలేదు. బ్రేకు పైపు కోసి ఉంది. చీకటి పడేలోపే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దివాకర్ ఐలేశాన్ని పట్టుకొచ్చి లోపల వేశాడు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఐలేశం అట్లాంటి మనిషి కాదని నమ్మిన నిహారిక, రాత్రికి రాత్రే ఉమారాణికి ఫోన్ చేసింది.

"ఒక చక్రానికి బ్రేకు లేకుండ బండి బయటికి ఎట్ల ఇచ్చినవ్?"

"అదే కదా మా లడాయి!" ఐలేశం నుదురు కొట్టుకున్నాడు. "వెనుక ఆక్సిల్ విప్పి చూస్తే సీలు పోయి ఉండె. గేరాయిలు డ్రమ్ములకు కారి షూల మీది లైనింగు మొత్తం నానింది. ఆక్సిల్ షాఫ్టుకు సీలు కూసునే జాగా కూడా అరిగింది. లేతు మీద కొత్త స్లీవు ఎక్కిచ్చి, బేరింగులు మార్చి, ఆక్సిల్ మంచిగ కూసోబెట్టినం. డ్రమ్ముల గీతలు పడితే దాన్ని కూడా లేతు మీద నున్నగ తోపిచ్చినం. తోపిస్తే డ్రమ్ము లోపల జర పెద్దగైతది. మామూలు లైనింగు దానికి అందదు. మందం లైనింగు వెయ్యమని షూలు గుర్వయ్య షాపుల ఇచ్చినం. అవి వచ్చినాంకనే ట్రయల్ పోదమన్న నేను."

"వినలేదా?"

"వినలే. గుట్టల కాడ గొర్లు సస్తున్నయ్, డాక్టరమ్మకు బండి జల్ది గావాలె అన్నడు. ఆ చక్రానికి పొయ్యే పైపును ఆక్సిల్ మీది జాయింటు కాడ్నే డమ్మీ నట్టుతోని బిగిచ్చి మూసిండు. బ్రేకాయిల్ మిగిలిన మూడింటికే పోతది, మెల్లగ పోయి ఆక్సిల్ సప్పుడు చూసుకొని వస్తనన్నడు. నాకు కోపమొచ్చి స్పానర్ ఇసిరికొట్టిన. అది చూసినోళ్లే పోలీసులకు చెప్పిండ్రు."

"అంటే ఆ రోజు ఆ కుడి పైపుల ఆయిలు లేదు."

"ఒక్క సుక్క ఉండదు మేడం. జాయింటు కాడ్నే బందు."

ఉమారాణి లేచింది. ఐలేశం ఊచలు పట్టుకుని, "వాడు సచ్చిండంటే నాకు నమ్మబుద్ధయితలేదు," అన్నాడు. "మీరన్న జర చూడుండ్రి."

"దాని కోసమే పోతున్న," అంది ఉమారాణి.

క్వారీ దగ్గరికి వెళ్లేసరికి జీపును పైకి లాగి బండరాయి మీద నిలబెట్టి ఉంచారు. అది లోపల పడినప్పుడు ముక్కు నీళ్లలో మునిగి, వెనక భాగం రాతి మెట్టు మీద ఆగిపోయిందట. అందుకే ఇంజను నిండా బురద, వెనక చక్రాలకు మాత్రం ఎండిన మట్టి.

దాన్ని లాగిన క్రేన్ అమరేందర్‌ది. చుట్టుపక్కల సగం గ్రానైటు క్వారీలు అతనివే. తెల్ల చొక్కా, మెత్తటి మాట. జీపు కనబడిందని పోలీసులకు చెప్పింది కూడా అతని మనుషులే. ఖాకీ అంగీ వేసుకున్న అతని వాచ్‌మన్ అందరికీ టీ పంచుతున్నాడు.

ఉమారాణినీ, వెంట వచ్చిన నిహారికనూ చూడగానే ఇన్‌స్పెక్టర్ దివాకర్ మొహం చిట్లించాడు.

"ఇది ఇన్సూరెన్సు క్లెయిమ్ కాదు మేడం. మర్డర్ కేసు."

"మర్డరైతే శవమేది సార్?"

"నీళ్లల్ల ఉంటది. ఈతగాళ్లు దేవులాడుతున్నరు. దొరుకుతది."

"నిన్నటి సంది దేవులాడుతున్నరు. రెండు నిలువుల లోతు లేదు గీ గుంత."

దివాకర్ జీపు వెనక్కి నడిచి, లాఠీతో కింద చూపించాడు. వెనక ఆక్సిల్ మీదుగా కుడి చక్రానికి పోయే సన్నటి పైపు. మధ్యలో తెగి ఉంది. "ఇదిగో. ఆక్సా బ్లేడుతోని కోసిండు. ఒక్క పైపు తెగితే చాలు, బ్రేకాయిల్ మొత్తం కారిపోయి నాలుగు చక్రాలకూ బ్రేకుండదట కదా. వాడు నడుపుకుంట వచ్చి గుంతల పడ్డడు. మీకు ఇంక ఏం గావాలె?"

ఉమారాణి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. ఆక్సిల్ నిండా మట్టి పొరలు కట్టి ఉంది. తెగిన చోట మాత్రమే బొటనవేలంత మేర తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

"దీన్ని మొదలు ఎవరు చూసిండ్రు సార్?"

"క్రేన్ మనిషి. బండి పైకి రాంగనే వంగి చూపిచ్చిండు."

"ఇంత మట్టిల, ఇంత సన్న పైపు. మంచి కండ్లే." ఆమె లేచి నిలబడింది. "ఈ చక్రం డ్రమ్ము విప్పాలె."

"విప్పొద్దు. ఎవిడెన్స్ అది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తడు."

"ఆయన ఎప్పుడొస్తడు?"

"ఎల్లుండి."

"ఐలేశం ఇయ్యాల్నే జైలుకు పోతడు. సార్, ఐలేశం ఏం చెప్తుండో మీరు విన్నరా? తను చివరిసారి చూసిన నాడు ఈ చక్రానికి బ్రేకే లేదంటుండు. ఈ పైపుల ఆయిలే లేదంటుండు. ఆయిలు లేని పైపు కోస్తే ఏమైతది? ఏమీ కాదు. డిఫెన్సు లాయరు ఇదే అడుగుతడు. ఆయన అడిగేదాక ఆగుతరా, ఇప్పుడే చూసుకుంటరా?"

దివాకర్ లాఠీని చంకలో పెట్టుకున్నాడు. తప్పుదారిన పోయే మనిషి కాదతను. తొందర ఎక్కువ, అంతే. కేసు ఒక్క రోజులో తేల్చానన్న పేరు మీద అతనికి మోజు.

"కానిస్టేబుల్, వీడియో తియ్యి," అన్నాడు చివరికి. "విప్పేటోళ్లు ఎవరు?"

నిహారిక తన కారు డిక్కీలోంచి డ్రమ్ము ఊడలాగే బరువైన ఇనుప పుల్లర్ తెచ్చింది. పొద్దున్నే షెడ్డు తెరిపించి తెచ్చినది. క్రేన్ మనుషుల్లో ఒకడు చక్రం తీశాడు. ఉమారాణి హబ్ నట్టు విప్పి, పుల్లర్ మూడు కాళ్లూ డ్రమ్ముకు తగిలించి, నడిమి బోల్టు బిగించసాగింది. ఈ పాత జీపుల్లో హబ్బు ఆక్సిల్ మీద ఉడుములా కరుచుకుని ఉంటుంది. బోల్టు ఇక తిరగనంత బిగిశాక సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. ఫట్‌మని తుపాకి పేలినట్టు మోగి డ్రమ్ము ఊడి వచ్చింది.

లోపల రెండు షూలు. కొత్త లైనింగు. రాగి రివిట్లు ఇంకా తళతళలాడుతున్నాయి.

దివాకర్ గట్టిగా నవ్వాడు. "ఉంది కదా మేడం బ్రేకు! మీ ఐలేశం అబద్ధాలకోరు. ఇంక చాలు, లేవండ్రి."

ఉమారాణి లేవలేదు. లైనింగు అంచును వేలితో తడిమింది. మామూలు దానికంటే మందం. నడుమ పట్టీలాగా మెరుపు తేలి ఉంది. అంటే బిగించి ఊరికే ఉంచినది కాదు. కొంత దూరం నడిచి, చాలాసార్లు డ్రమ్మును ఒరుసుకున్న లైనింగు. ఆక్సిల్ మీది జాయింటు దగ్గర మట్టి గోకి చూసింది. డమ్మీ నట్టు లేదు. పైపు నేరుగా బిగించి ఉంది.

ఆమె దివాకర్ వైపు తిరిగింది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

"సార్, ఈ లైనింగు గుర్వయ్య షాపుల చేసింది. జీపు మాయమైన శుక్రవారం నాటికి ఇది ఇంకా షాపులనే ఉంటే, దీన్ని బిగిచ్చింది ఎవరు? తోపిన డ్రమ్ముకు మందం లైనింగు కావాలని తెలిసింది ఇద్దరికే. ఐలేశం ఈ పది రోజులు షెడ్డుల్నే ఉన్నడు, అందరూ చూసిండ్రు. ఇంక మిగిలింది ఎవరు?"

దివాకర్ నవ్వు ఆగిపోయింది.

"బండి మాయమైనాంక దానికి బ్రేకు కట్టినోడు పరమేషే. పైపు కోసినోడు వేరే. వాడు కోసింది బ్రేకు కట్టినాంక. షెడ్డు దాటిన నాడు ఆ పైపు మూసి ఉండెనని వాడికి తెల్వదు."

"ఐలేశం మాట అబద్ధమైతే ఇదంతా గాలే."

"అందుకే షాపుకు పోతున్న. సాయంత్రం దాక టైమియ్యుండ్రి."

"కోర్టుకు తీస్కపోయేదాకనే. అంతకన్న ఒక్క నిమిషం ఇయ్య," అన్నాడు దివాకర్. కానీ అతని చూపు తెగిన పైపు మీది నుంచి కదలలేదు. పక్కనే నిలబడి ఇదంతా వింటున్న అమరేందర్, "పాపం, బతికి ఉంటే అంతకన్న ఏం గావాలె," అని టీ కప్పు కింద పెట్టాడు.

గుర్వయ్య లైనింగు షాపు మహబూబ్‌నగర్ పాత బస్టాండు వెనక సందులో ఉంది. నిహారికతో కలిసి వెళ్లిన ఉమారాణి ఫోన్లో ఫొటో చూపగానే అతను చేతులు తుడుచుకుని దగ్గరికి తీసుకుని చూశాడు.

"నా చేతి పనే. గింత మందం ఈ నడుమ ఇదొక్కటే వేసిన."

"ఎప్పుడు తీస్కపోయిండ్రు?"

"సోమవారం. ఆదివారం షాపు బందుంటది. సోమవారం నేను షట్టరు లేపకముందే వచ్చి కూసున్నది."

"కూసున్నదా? ఎవరు?"

"పరమేష్ వాళ్లమ్మ, సోమమ్మ. కొడుకు పంపిండన్నది. గొంగడిల సుట్టుకొని నెత్తి మీద పెట్టుకొని పోయింది. బస్సు దాక నేను తెస్తనంటే వద్దన్నది." అతను ఇద్దరి మొహాలూ చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది మేడం?"

శుక్రవారం మాయమైన కొడుకు, సోమవారం తల్లిని పంపించాడు. నిహారిక గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. "బతికున్నడు," అంది మెల్లగా.

"ఇదే మాట మళ్లొకసారి చెప్పు గుర్వయ్యా," అని ఉమారాణి ఫోన్లో వీడియో నొక్కింది.

సోమమ్మ ఊరు కొత్తకోటకు ఇవతలే, హైవే నుంచి లోపలికి. వాకిట్లో పది మంది ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఓదారుస్తున్నారు. ఏడుస్తున్నది వాళ్లే. సోమమ్మ కళ్లు పొడిగా ఉన్నాయి. ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో ఆ కళ్లు లెక్క వేస్తున్నాయి.

డాక్టరమ్మ ఒంటరిగా మాట్లాడాలంటున్నదని చెప్పి ఆడవాళ్లను పంపేసి, ఉమారాణి ఆమె ముందు నేల మీద కూర్చుంది. షూల ఫొటో చూపించింది.

"పెద్దమ్మా, ఇవి మోసుకపోయింది నువ్వే."

"నాకేం తెల్వది బిడ్డా. నేను గొర్లు కాసేదాన్ని."

"గుర్వయ్య చెప్పిండు."

"ముసలోడు. మతి తప్పి ఉంటడు."

"పెద్దమ్మా, నీ కొడుకు మంచి పనోడు. మందం లైనింగు సరిగ్గ డ్రమ్ముకు కూసోబెట్టిండు. సచ్చినోని చేతిపని కాదది."

సోమమ్మ ఫొటో మీంచి చూపు తిప్పుకుంది.

"నువ్వు ఎవరికి భయపడుతున్నవో నాకు తెల్వది. కానీ పొద్దుగూకేసరికి ఐలేశాన్ని జైలుకు పంపుతరు. నీ కొడుకును సంపిండని."

"ఐలేశాన్ని?" ఆమె ఒక్కసారిగా ముందుకు వంగింది. "అడిగి ఇడిసిపెడతరన్నరు కదా?"

"ఇడిసిపెట్టరు. నువ్వు చెప్పకపోతే ఇడిసిపెట్టరు."

ముసలామె రెండు చేతులూ నేల మీద ఆనించి తల వంచుకుంది. "వాడు నా చేతి బువ్వ తిన్నడు," అంది. "తల్లి లేని పోరడు. ఇద్దరికీ ఒక్క తలెల పెట్టిన. ఇప్పుడు చెప్తే నా కొడుకు పోతడు, చెప్పకపోతే వాడు పోతడు. ఏ కన్ను పొడుసుకోవాలె బిడ్డా నేను?"

నిహారిక వచ్చి ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. "ఏ కన్నూ వద్దు సోమమ్మా. ఇద్దరూ నీకు మిగలాలె. అందుకే వచ్చినం."

అప్పుడు చెప్పింది సోమమ్మ. ముందు ముక్కలు ముక్కలుగా, తరువాత ఆగకుండా.

ఆ శుక్రవారం పరమేష్ జీపును గుట్టల వెనక మూతపడిన ఇంకొక క్వారీ దిక్కు పోనిచ్చాడు. అక్కడ ఒక ట్యాంకరు ఏదో ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన నల్లటి విషపు నీళ్లు గుంతలోకి వదులుతున్నది. ఆ గుంత నీళ్లే కింది వాగులోకి ఊరుతాయి. ఆ వాగులోనే గొర్రెలు తాగుతాయి. ఎందుకు చస్తున్నాయో అప్పుడు అర్థమైంది అతనికి. ఫోన్ తీసి వీడియో తీస్తుంటే వాళ్లు చూశారు. వెంటపడ్డారు. జీపును బండల మీదికి ఎక్కించి, వాళ్ల కారు ఎక్కలేని చోటికి తప్పించుకున్నాడు. ఆ కుదుపుల్లో ఫోన్ ఎక్కడో పడిపోయింది. వాళ్లలో ఒకడు ఖాకీ వేసుకుని ఉండడంతో పోలీసుల దగ్గరికి పోవడానికి భయపడ్డాడు. సోమమ్మ తమ్ముడు చెన్నయ్య మందతో గుట్టల్లో ఉన్నాడు. అతని దగ్గర చేరాడు.

"ఆ నీళ్లు సీసాలల్ల పట్టుకొచ్చిండు. డాక్టరమ్మకు ఇచ్చి పరీచ్చ చేపియ్యాలన్నడు. గుట్ట దిగాలంటే నాలుగు చక్రాలకూ బ్రేకుండాలె, షూలు తెమ్మని చెన్నయ్య ఫోన్ల చెప్పిండు. తెచ్చిచ్చిన. బిగిచ్చిండు. దిగుదమనుకునేలోపట, వీళ్లు మందతోని అటు పోయినప్పుడు బండి మాయమైంది. సీసాలు కూడా లెవ్వు. తమ జాడ వాళ్లకు తెలిసిందని మందను కిష్టమ్మ నది వొడ్డుకు తోలుకపోయిండ్రు. ఐలేశానికి చెప్తే వాని మీద పడతరని వానికి కూడా చెప్పొద్దన్నడు."

"నేను రోగమనుకొని సూదులేసిన," నిహారిక గొంతులో కోపం పొంగింది. "నలభై గొర్లు!"

ఉమారాణికి పొద్దున టీ పంచిన ఖాకీ అంగీ గుర్తొచ్చింది. "వాడు పోలీసు కాదు పెద్దమ్మా. క్వారీ వాచ్‌మన్. అమరేందర్ మనిషి."

అంతా ఒక వరుసలోకి వచ్చింది. జీపును దొంగిలించింది అమరేందర్ మనుషులు. ఆయిలు నిండిన నాలుగు పైపుల్లో ఒకటి కోసి, ట్యాంకరు ఊసే లేని వేరే క్వారీలో పడేశారు. దాన్ని కనుక్కున్నదీ వాళ్లే, పైపు చూపించిందీ వాళ్లే. కానీ ఎందుకు? జీపును ముక్కలు చేసి పాత ఇనుములో అమ్మితే సరిపోయేది. అందరికీ కనబడేలా ఎందుకు పెట్టారు?

జవాబు తోచగానే ఆమె లేచి నిలబడింది. పరమేష్ చనిపోయాడని ముందే కాగితం మీద రాయించాలి. ఆ తరువాత నిజంగా చంపినా ఎవరూ వెతకరు.

"పెద్దమ్మా, మంద ఎక్కడున్నదో ఇంకెవరికన్న చెప్పినవా?"

"కొడుకు ముచ్చట ఎవ్వరికీ చెప్పలే."

"మంద గురించి?"

సోమమ్మ కాస్త ఆలోచించింది. "మీరు రాకముందు ఒక పెద్దమనిషి వచ్చిండు. తెల్ల అంగి. నాకు సాయమిప్పిస్తనన్నడు. మొగోళ్లు ఒక్కరన్న ఉండాలె, నీ తమ్ముడేడి అన్నడు. దాపెడితే అనుమానపడతడని..." ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "కొల్లాపూర్ అవతల సోమశిల దిక్కు, బండల బాట కింద అని చెప్పిన బిడ్డా!"

డ్రమ్ము విప్పిన చోట అమరేందర్ పక్కనే నిలబడి ప్రతి మాటా విన్నాడు. పరమేష్ బతికి ఉన్నాడని నిరూపించే దారి ఆమె అతని ముందే చెప్పింది. తను మహబూబ్‌నగర్ పోయి వచ్చేలోపు అతను ఇక్కడికి వచ్చి వెళ్లాడు. ఉమారాణి తనను తాను తిట్టుకోవడానికి కూడా ఆగలేదు. దివాకర్‌కు ఫోన్ కలిపింది.

"సార్, అమరేందర్ అక్కడున్నడా?"

"లేడు. మీరు పోంగనే పోయిండు. ఎందుకు?"

ఊపిరి తీసుకోకుండా చెప్పింది. గుర్వయ్య మాట, సోమమ్మ మాట, ట్యాంకరు, ఖాకీ అంగీ. అతను నమ్ముతున్నాడో, ఫోన్ పెట్టేయబోతున్నాడో తెలియలేదు.

"సార్, మీ కాగితాల మీద పరమేష్ సచ్చిపోయిండు. సచ్చినోణ్ణి మళ్ల సంపితే ఎవరడుగుతరు?"

కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు వినిపించింది. "మంద ఎక్కడ?" అన్నాడు దివాకర్. చెప్పింది. "కొల్లాపూర్ నుంచి మనుషుల్ని పంపిస్త. నేను కూడా బయల్దేరుతున్న. ఐలేశాన్ని కోర్టుకు పంపుతలేను." గొంతు తగ్గించి, "మేడం, వాణ్ణి పానంతోని నాకు చూపియ్యుండ్రి. మిగిలింది నేను చూసుకుంట," అన్నాడు.

సోమమ్మ అప్పటికే తన చిన్న ఫోన్లో చెన్నయ్యకు కలుపుతున్నది. అందుబాటులో లేదు. మళ్లీ చేసింది. లేదు. మూడోసారి ఉమారాణి అందుకుని, స్పీకరు పెట్టి కలిపింది. నది వొడ్డున సిగ్నల్ ఉన్నట్టు, లేనట్టు. గర్‌మని ఒక చప్పుడు, తరువాత రింగు.

"అమ్మా?"

పడుచు గొంతు. చెన్నయ్యది కాదు. నిహారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండు రోజులుగా ఈతగాళ్లు నీళ్లలో వెతుకుతున్న మనిషి గొంతు అది.

"పరమేష్, నేను ఉమారాణి, డిటెక్టివ్‌ను. డాక్టరమ్మ ఇక్కడనే ఉంది. నువ్వు ఇప్పుడు ఎక్కడున్నవ్?"

"బండ మీదున్న. ఫోన్ ఇక్కడనే అందుతది. మేడం, కింద బాట మీద తెల్ల బండి ఒకటి వస్తాంది. లోపట నలుగురో అయిదుగురో ఉన్నరు. పోలీసోళ్లేనా?"

కొల్లాపూర్ పోలీసులు ఇంకా బయలుదేరి ఉండరు. ఉమారాణి నోరు తెరిచేలోపే సోమమ్మ ఫోన్ లాక్కుంది. ఇంతసేపూ వణికిన ముసలి గొంతు కాదు ఇప్పుడది. గుట్ట మీద నిలబడి వాగు అవతలి మందను పిలిచే గొంతు.

"పోలీసోళ్లు కాదు కొడుకా! కిందికి దిగకు. మామకు చెప్పు, మందను బాటకు అడ్డం తోలుమను. మొత్తం మంద! మన వాళ్ల మందలు ఎన్నుంటె అన్నీ బాట మీదికి తోలుండ్రి. ఒక్క గొర్రెను కూడా పక్కకు జరగనీయకుండ్రి!"

"మామా!" అని పరమేష్ అరిచాడు. ఆ అరుపు బండలకు తగిలి తిరిగి వచ్చింది. దూరంగా ఎవరో నాలుక మడిచి ఈల వేశారు. మరొక ఈల దానికి బదులిచ్చింది, ఇంకా అవతల నుంచి మూడోది.

ఇటు వాకిట్లో ముగ్గురాడవాళ్లూ ఫోన్ చుట్టూ తలలు ఆనించారు. గొర్రెల అరుపులు మొదలయ్యాయి. ముందు పదులు, తరువాత వందలు, చివరికి వేరు వేరుగా వినబడనంత. రాళ్ల మీద గిట్టల చప్పుడు వాన ముంచుకొచ్చినట్టు దిగింది. దాని మధ్యలో కారు హారన్ ఒకటి కోపంగా, ఎడతెగకుండా మోగుతున్నది.

"ఏమైతాంది?" అని అరిచింది ఉమారాణి.

పరమేష్‌కు వినబడినట్టు లేదు. హారన్ మాత్రం మోగుతూనే ఉంది. సోమమ్మ కళ్లు మూసుకుని, చెవి ఫోనుకు ఆనించి, చాలాసేపు విన్నది. మెల్లగా ఆమె మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది.

"బండి ఉన్నకాడ్నే ఉంది బిడ్డా," అంది. "ముందటికి వస్తలేదు."